డకోటా: బెల్లగుంఠ నుండి యవద్వీపము వరకు

అస్కాకు అనతిదూరముననున్న బెల్లగుంఠ ఒడిశా నాయకుడైన బిజూ పట్నాయక్ గారి పితృగ్రామము. 1996లో ఆయనను లోక్‌సభకు పంపిన నియోజకవర్గములలో అస్కాయు నొకటి. ఈ గంజాం సీమవారికి యవద్వీపము, అనగా జావా, క్రొత్త పేరు కాదు. టాలెమీ పేర్కొనిన పలూరా రేవు చిలికా దక్షిణపు కొసనున్న పాలూరేయని పెక్కురు పండితుల అభిప్రాయము. ఆ కాలపు నావికులు కార్తీకమున ఈశాన్య పవనములు వీచువరకు వేచియుండి, తెరచాపలెత్తి, వారములకొలది సముద్రముపై గడపినగాని ఆవలి తీరమును కానలేకపోయిరి.

ఆ యవద్వీపమునకే 1947 జూలైలో బిజూగారు డకోటా విమానమును నడుపుకొనిపోయి, డచ్చివారి బెదిరింపులను లెక్కసేయక, ఇండొనీషియా నాయకుడైన సుతన్ షహ్రీర్‌ను సింగపూరు మీదుగా ఢిల్లీకి చేర్చిరి.

ఆ యంత్రపు పుట్టుక 1935 డిసెంబరు 17: రైటు సోదరులు తొలిసారి ఎగిరిన నాటికి సరిగా ముప్పదిరెండేండ్లు నిండిన దినము. కాలిఫోర్నియాలో డగ్లస్ కంపెనీవారు ఎగురవేసిన ఈ డీసీ-3 యొక్క సైనికరూపమునకు బ్రిటిషువారు డకోటా యని పేరిడిరి. యుద్ధము ముగిసిన పిదప మిగిలిన విమానములు చవుకగా దొరకుటచే మనదేశమున పెక్కు సంస్థలు వెలసినవి. బిజూగారి కళింగ ఎయిర్‌లైన్స్ వానిలో నొకటి. ఇంజనులు రెండు, ఒక్కొక్కటి సుమారు 1200 అశ్వశక్తులది. నేలపై నున్నప్పుడు తోక క్రిందికి వాలి చిన్నచక్రముపై నిలుచుటచే, లోనికి ఎక్కిన ప్రయాణికుడు తన కుర్చీని చేరుటకు ఏటవాలు నేలపై ఎగువకు నడువవలసియుండెను.

భూగోళపు బొమ్మపై ఢిల్లీకిని, నాటి బటావియాయైన జకార్తాకును నడుమ దారము బిగించి లాగినచో అది సూచించు దూరము సుమారు 5000 కిలోమీటర్లు. గంటకు 300 కిలోమీటర్ల వేగమనుకొన్నచో గాలిలో గడపవలసినది 16 గంటల 40 నిమిషములు. అంతదూరమునకు ఇంధనము చాలదు గనుక మధ్య దిగుట తప్పదు. గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురైనచో అదే ప్రయాణము 20 గంటలగును. ఆ గాలియే వెనుకనుండి తోసినచో 14 గంటల 17 నిమిషములు. రాకపోకలను కలిపి లెక్కించినచో నిశ్చలవాయువునందు కంటె దాదాపు గంట ఎక్కువ పట్టుచున్నది. ఎదురుగాలిలో గడపు కాలమే అధికమగుటచే దాని నష్టమును వెనుకగాలి పూర్తిగా పూడ్చజాలదు. ఈ చిన్న గణితమునందు నాకు ఎంతయో ఆనందము కలదు.

డకోటా లోపల వాయుపీడనమును నిలుపు ఏర్పాటు లేదు. కావున అది సాధారణముగా మూడువేల మీటర్ల ప్రాంతమున, వర్షాకాలపు మేఘముల నడుమనే సాగవలసివచ్చెను. నేటి జెట్ విమానము పది పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున, పలుచని గాలిలో, గంటకు 850 కిలోమీటర్ల వేగముతో అదే దూరమును ఆరుగంటలకు కొంచెము తక్కువలోనే ముగించును.

కలకత్తా విమానాశ్రయమున ఏండ్లతరబడి పడియున్న కళింగ సంస్థ డకోటానొకదానిని 2023లో విడదీసి, లారీలపై భువనేశ్వరమునకు చేర్చి, మరల కూర్చి విమానాశ్రయము చెంత నిలిపిరి. అస్కా పాఠశాలల ఉపాధ్యాయులు బాలబాలికలను అచటికి తోడ్కొనిపోయి, ఆ రెక్కల నీడననే పై లెక్కను చేయింతురుగాక.