గుట్ట చరియ మీద జాజు గీతలు

జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని రావులపల్లి దగ్గర, జనం పాండవుల గుట్ట అని పిలిచే ఇసుకరాతి కొండల మీద ఆదిమానవుల చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. గుహాచిత్రం అనగానే చీకటి సొరంగం తలపుకొస్తుంది గాని, తెలుగునేల మీద ఈ బొమ్మలు చాలావరకు శిలాశ్రయాలలో, అంటే ముందుకు పొడుచుకొచ్చిన బండ చూరులా నీడనిచ్చే చోట్ల, పగటి వెలుతురులోనే కనిపిస్తాయి. ఫ్రాన్సులో 1940లో బయటపడిన లాస్కో గుహ లోపల దీపం లేనిదే గీత గీయడం సాధ్యం కాదు. ఇక్కడ మాత్రం వానకు తలదాచుకోదగిన చోటే చిత్రశాల కూడా అయింది.

పాండవుల గుట్ట బండల మీద ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగులూ ఉన్నా, ఎక్కువగా కనిపించేది ఎరుపు. అది మరేదో కాదు, పల్లెల్లో అరుగులకు, గోడల అంచులకు పూసే జాజే. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడిన ఈ ఖనిజాన్ని మెత్తగా నూరి, తడిపి పూస్తే, ఆకుపసరు రంగులా ఎండకు వెలిసిపోదు; వేల ఏళ్ల తరువాత కూడా అడవిదున్న వీపు వంపు ఇంకా కంటికి ఆనుతున్నదంటే కారణం అదే. దున్న, దుప్పి, పులి, చిరుత వేటికవి పోల్చుకోగలిగేలా ఉండటం, వాటి వెంట తిరిగి, వాటికి భయపడి, వాటినే తిని బతికిన వారి చూపుకు నిదర్శనం.

చిత్రాల వయసు తేల్చడం మాత్రం కష్టం. ప్రాచీన వస్తువుల కాలాన్ని సాధారణంగా వాటిలోని కర్బనంతో లెక్కగడతారు; జాజులో మాత్రం కర్బనం ఉండదు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో, బొమ్మ మీద పేరుకున్న సున్నపు పొరలోని యురేనియాన్ని పరీక్షించి, ఒక చిత్రానికి కనీసం 51,200 ఏళ్లని 2024లో ప్రకటించారు; సున్నపురాతి గుహల్లో ఏర్పడే అలాంటి పొర తెలంగాణ ఇసుకరాతి చరియల మీద సులువుగా దొరకదు. అందుకే పండితులు బొమ్మల్లోని వస్తువులనే ఆధారం చేసుకుంటారు. వేటజంతువులు మాత్రమే ఉంటే పాతదనీ, కడప జిల్లా చింతకుంటలోలా మూపురమున్న ఎద్దులు కనిపిస్తే పశుపోషణ కాలానిదనీ, కత్తులు, బల్లేలు పట్టినవారుంటే ఇంకా తరువాతిదనీ అంచనా కడతారు.

ఈ గుట్టకు పాండవుల పేరు పెట్టిన జనమే, గోదావరి తీరాన జానంపేట అడవిలోని పెద్ద పెద్ద రాతి సమాధులను రాకాసి గుళ్లన్నారు. ఇంతటి పని మామూలు మనుషులకు సాధ్యమా అన్న ఆశ్చర్యం ఆ పేర్లలో ఉంది. పాండవుల గుట్ట మీద వేటకాలపు జంతువులతో పాటు కత్తులూ బల్లేలూ ఉన్నాయంటే, ఒక తరం వదిలివెళ్లిన చరియల దగ్గరికే మరో తరం వచ్చి, పాత గీతలను చూస్తూ మళ్లీ రంగు నూరుకున్నదన్నమాట.