దిగడం నేర్పే విమానం

షార్ అంతరిక్ష కేంద్రంలో రాకెట్ లేస్తోందంటే మా నెల్లూరు తీరంలో జనమంతా మేడలెక్కుతారు. అది పైకి పోవడమే చూస్తాం. దిగే సంగతి ఎవరూ అడగరు. శిక్షణ విమానం బతుకు అలా కాదు. లేస్తుంది, రన్‌వే చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. లేవడం తొందరగానే వస్తుంది. ఫీజు కట్టేది చాలావరకు దిగడం కోసమే.

ఈ పనిలో పండిపోయిన విమానం సెస్నా 150, దాని తమ్ముడు 152. రెండే సీట్లు, పక్కపక్కన. రెండూ కలిపి 31,000 పైచిలుకు తయారయ్యాయి. నాగార్జునసాగర్ దగ్గర విజయపురి సౌత్‌లో మన పిల్లలు విమానం నడపడం నేర్చుకున్నదీ 152 మీదే. దాని చరిత్ర చదివితే ఇంజనీర్ల ప్రతిభ కన్నా విద్యార్థుల తప్పులే ఎక్కువ కనిపిస్తాయి.

దీనికి ముందున్న సెస్నా 140కి చిన్న చక్రం తోక కింద ఉండేది. అలాంటి విమానంలో బరువు పెద్ద చక్రాలకు వెనక పడుతుంది. కాస్త వంకరగా నేలను తాకితే తోక ముందుకొచ్చేస్తుంది. ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి రివర్స్ చేసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు: వంకర చిటికెలో పెరుగుతుంది. 1957లో ఎగిరిన 150లో ఆ చిన్న చక్రం ముక్కు కిందికి మారింది. బరువు పెద్ద చక్రాలకు ముందుకొచ్చింది కాబట్టి, ముందుకు లాగే ట్రక్కులాగా తనంతట తానే తిన్నబడుతుంది. సగం పాఠం విమానమే చెప్పేసింది.

1964లో 150కి వెనక కిటికీ అద్దం వచ్చింది. 1966లో తోక రెక్కను జెట్‌లా వెనక్కి వాల్చారు. మహా అయితే గంటకు సుమారు రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి అదెందుకంటే, కొనేవాళ్లకు అందంగా కనబడటానికి.

అసలు మార్పు ఫ్లాప్స్‌లో వచ్చింది. రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలివి; నెమ్మదిగా దిగడానికి వాడతారు. 150లో 40 డిగ్రీల దాకా వంగేవి. దిగడం కుదరక మళ్లీ పైకి లేవాల్సి వస్తే, 100 హార్స్‌పవర్ ఇంజను ఆ పలకల్ని ఈడ్చుకుంటూ ఎక్కలేక మూలిగేది. కంగారులో ఉన్న కుర్రాడికి వాటిని మెల్లగా ఎత్తాలన్న సంగతి గుర్తుండాలి కదా! 1977లో వచ్చిన 152లో 30 డిగ్రీలకే ఆపేశారు. కుర్రాణ్ని మార్చడం కన్నా అది తేలిక.

ఇంజను కథ వేరు. పాత ఇంధనం దొరకడం తగ్గి, సీసం ఎక్కువున్న కొత్త ఇంధనం వచ్చేసరికి స్పార్క్ ప్లగ్గులు మసిబారాయి. 152కు 110 హార్స్‌పవర్ కొత్త ఇంజను పెట్టారు. మసి తగ్గింది గాని పోలేదు. 1983లో మళ్లీ ఇంజను మార్చారు. 1985లో విమానాన్నే ఆపేశారు. అందుకే ఇప్పటి విద్యార్థి తనకన్నా పెద్ద వయసున్న విమానంలో నేర్చుకుంటున్నాడు.

ఆ ఖాళీలోకి రావాలన్నదే బెంగళూరులోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ తయారుచేసిన శిక్షణ విమానం హంస ఆశ. మొదటి హంస 1993లో ఎగిరింది, కొత్త తరం హంస 2021 సెప్టెంబరులో. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పలచన. తీరంలో గాలి చిక్కన. రెక్కా ఇంజనూ వేరేగా నడుస్తాయి. అందుకే 2022లో హంసను మన తీరానికే దక్షిణాన ఉన్న పుదుచ్చేరికి తీసుకెళ్లి పరీక్షించారు. ఆ పరీక్షల్లో ఒకటి మళ్లీ ఆ పాత పాఠమే: దిగబోయి, కుదరక, పైకి లేవడం.

నెల్లూరుకూ ఒక విమానాశ్రయం ఉంది, కాగితం మీద. దగదర్తి దగ్గర 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు. హంస ఇటు వస్తే ఆ ఒక్క పరీక్షకు మాత్రం ఇబ్బంది లేదు: దిగబోయి, రన్‌వే కనబడక, మళ్లీ పైకి లేవొచ్చు.