పేజీ కట్టేముందు వేసుకోవాల్సిన లెక్కలు

రాసిన కథల్ని పుస్తకంగా వేసుకుందామని డీటీపీ వాళ్ల దగ్గరికి వెళ్తే మొదట ఎదురయ్యే ప్రశ్నలు రెండు: ఏ సైజు, ఎన్ని ఫారాలు? చాలామంది అక్కడే తడబడి, అంతా వాళ్లకే వదిలేస్తారు. ఈ లెక్కల్లో కూడికలు, గుణకారాలు తప్ప మరేమీ లేవు. రాసినవాళ్లకు అవి తెలిస్తే పుస్తకం బాగా వస్తుంది, ఖర్చూ చేతిలో ఉంటుంది.

తెలుగు కథలు, నవలల పుస్తకాలకు ఎక్కువగా వాడే సైజు డెమీ 1/8. డెమీ అనేది షీటు కొలత: 18×23 అంగుళాలు. దాన్ని ఎనిమిది ఆకులుగా మడిస్తే ఒక్కో ఆకు 9×5.75 అంగుళాలు వస్తుంది. బైండింగ్ అయ్యాక అంచులు కోస్తే చేతికొచ్చే పుస్తకం సుమారు 8.5×5.5 అంగుళాలు, అంటే 216×140 మిల్లీమీటర్లు. ఎనిమిది ఆకులకు రెండు వైపులా అచ్చేస్తే 16 పేజీలు. అదే ఒక ఫారం. ఎనిమిది పేజీలనే ఫారంగా లెక్కగట్టే ప్రెస్సులూ ఉంటాయి కాబట్టి, రేటు మాట్లాడేటప్పుడే ఈ సంగతి తేల్చుకోండి.

ఇక అంచులు. కుట్టు వైపు 20 మిల్లీమీటర్లు, బయట 15, పైన 20, కింద 25 వదిలారనుకుందాం. అక్షరాలకు మిగిలేది 105×171 మిల్లీమీటర్లు, అంటే పేజీలో నూటికి 59 పాళ్లే. మిగతా 41 పాళ్లు వృథా కాదా అన్న అనుమానం సహజం. కాదు. జిగురు బైండింగ్ పుస్తకం పూర్తిగా విచ్చుకోదు, కుట్టు వైపు కొంత భాగం లోపలికి పోతుంది. అక్కడ ఖాళీ తగ్గిస్తే ఎడమ పేజీలో వరుస చివరి మాట కోసం, కుడి పేజీలో మొదటి మాట కోసం పుస్తకాన్ని విరిచి పట్టుకోవాలి. బయటి అంచు బొటనవేలికి కావాలి. కింది అంచులో పేజీ సంఖ్య కూర్చోవాలి.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. అక్షరం సైజునీ, వరుసల మధ్య దూరాన్నీ పాయింట్లలో కొలుస్తారు. అంగుళానికి 72 పాయింట్లు, అంటే ఒక పాయింటు మిల్లీమీటరులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఒక వరుస అడుగు నుంచి తర్వాతి వరుస అడుగు దాకా ఉండే దూరాన్ని లీడింగ్ అంటారు. ఇంగ్లిష్ పుస్తకాలకు అక్షరం సైజులో 120 శాతం లీడింగ్ చాలని చెబుతారు: 10 పాయింట్ల అక్షరానికి 12. సాఫ్ట్‌వేర్ కూడా తనంతట తాను ఆ లెక్కే వేస్తుంది. తెలుగుకు అది చాలదు.

‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని పెద్దగా చేసి చూడండి. పైన గుడి దీర్ఘం, మధ్యలో సకారం, కింద తావత్తు, దానితోపాటు రావత్తు. ఇంగ్లిష్‌లో పక్కపక్కన పరుచుకునే ధ్వనులు తెలుగులో పైకీ కిందికీ పెరుగుతాయి. ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘వస్త్రం’ అన్నీ అంతే. 12 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల లీడింగ్ పెడితే, పై వరుస ఒత్తు వెళ్లి కింది వరుస గుడికి తగులుతుంది. తగలని చోట కూడా పేజీ మొత్తం నల్లగా ముద్దకట్టినట్టు కనిపిస్తుంది. అందుకే 12 పాయింట్ల తెలుగు అక్షరానికి కనీసం 18 పాయింట్లు, అంటే 150 శాతం ఇవ్వాలన్నది నా అభిప్రాయం. అన్ని ఫాంట్లకూ ఇదే అంకె సరిపోదు. ఒకే 12 పాయింట్లలో రెండు ఫాంట్లు ఒకే పరిమాణంలో కనిపించవు కాబట్టి అచ్చేసి చూడాల్సిందే.

మరి ఖర్చు పెరగదా? లెక్క వేద్దాం. 171 మిల్లీమీటర్లంటే సుమారు 484 పాయింట్లు. 18 లీడింగ్‌తో 26 వరుసలు పడతాయి, 20తో 24 వరుసలు. పేరాల చివరి పొట్టి వరుసల్ని కూడా కలుపుకొని, వరుసకు సగటున 7 మాటలు అనుకుందాం. మీ పుస్తకానికి ఒక నమూనా పేజీ కట్టి, లెక్కపెట్టి ఈ సగటు తేల్చుకోండి. పుస్తకంలో 36,000 మాటలుంటే 18 లీడింగ్‌లో 198 పేజీలు. లోపలి అట్ట, ప్రచురణ వివరాలు, విషయసూచికల వంటి ముందు పేజీలు 8 కలిపితే 206. దాన్ని 16తో భాగించాలి: 13 ఫారాలు, 208 పేజీలు. అదే 20 లీడింగ్‌లో 215కి 8 కలిపితే 223. అంటే 14 ఫారాలు, 224 పేజీలు.

తేడా ఒక్క ఫారం. వెయ్యి ప్రతులకు ఒక ఫారానికి వెయ్యి షీట్లు, అంటే 500 షీట్ల రీములు రెండు. 70 జీఎస్‌ఎం కాగితమైతే ఆ రెండు రీముల బరువు 19 కిలోలకు కాస్త తక్కువ. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న కొలత. 13 ఫారాల పుస్తకం వెయ్యి ప్రతులకు మొత్తం కాగితం 26 రీములు, దాదాపు 243 కిలోలు: పాతిక కిలోల బియ్యం బస్తాలు పదింటికి ఇంచుమించు సమానం. తరుగు కాగితం దీనికి అదనం. అంత కాగితం కొంటూ, అందులో బస్తా కూడా లేని మిగులు కోసం పాఠకుడి కళ్లను కష్టపెట్టకండి. తగ్గించాలనుకుంటే నాలుగు ముందుమాటల్లో రెండు తీసేయండి.

పుస్తకం వీపు మందం దగ్గర మాత్రం పేజీలు కాదు, ఆకులు లెక్కపెట్టాలి. 208 పేజీలంటే 104 ఆకులు. ఒక్కో ఆకు సుమారు 0.09 మిల్లీమీటర్లనుకుంటే వీపు 9.4 మిల్లీమీటర్లు. అట్ట డిజైన్ వెడల్పు 140+9.4+140, ఆపైన కోతలో పోయేందుకు రెండు పక్కలా 3 మిల్లీమీటర్ల చొప్పున. ఈ అదనపు భాగాన్నే బ్లీడ్ అంటారు. కాగితం రకాన్ని బట్టి మందం మారుతుంది కాబట్టి ప్రెస్సువాళ్లను అదే కాగితంతో ఒక ఖాళీ పుస్తకం కట్టి ఇమ్మని అడిగి, స్కేలు పెట్టి కొలవండి.

ఫొటోలుంటే అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంచులు వదిలి పేజీ నిండుగా వేసే 105 మిల్లీమీటర్ల ఫొటోకు వెడల్పులో 1,240 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నలిగి చిన్నదైపోతుంది. డాక్యుమెంటుగా పంపమనండి.

ఏ సాఫ్ట్‌వేర్? ఏదైనా సరే, యూనికోడ్ ఫాంటుతో కట్టండి. అను వంటి పాత పద్ధతి ఫాంట్లలో కట్టిన పాఠాన్ని ఫోనులోకో, ఈ-పుస్తకంలోకో తీసుకెళ్తే అర్థంలేని గుర్తులవుతుంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. ఉచితంగా దొరికే స్క్రైబస్ 1.6లో కూడా తెలుగు సరిగ్గా కట్టవచ్చు. మండలి, సూరన్న, ఎన్‌టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు కూడా ఉచితమే. ప్రెస్సుకిచ్చే పీడీఎఫ్‌లో ఫాంట్లు ఇమిడి ఉన్నాయో లేదో చూసుకోండి.

ఫైలు పంపేముందు ఒక పేజీని తగ్గించకుండా, పెంచకుండా అసలు సైజులో అచ్చేసి, కళ్లజోడు పెట్టుకునే పెద్దవాళ్ల చేత రాత్రి దీపం వెలుతురులో చదివించండి. వాళ్లు కాగితాన్ని ముఖానికి దగ్గరగా జరుపుకుంటే అక్షరం సైజో, లీడింగో మార్చాల్సిందే.

13 అంకెల ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. ప్రచురణ వివరాల పేజీలో దానికి చోటు ఉంచండి. పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి ఒక ప్రతి, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి చొప్పున ప్రచురణకర్త సొంత ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. ఎన్ని ప్రతులు వేయాలో నిర్ణయించేటప్పుడు ఆ నాలుగింటినీ కలుపుకోండి.