హీరోను దాచిపెట్టిన ఆట

ఒక వీడియో గేమ్‌కు రెండో భాగం వస్తుందంటే అభిమానులు కోరుకునేది పెద్దగా ఏమీ ఉండదు: మొదటి భాగంలో దొరికిన ఆనందమే, మరికొంచెం హంగుతో, మరికొంచెం మెరుగైన దృశ్యాలతో మళ్లీ దొరకాలి. 2001 నవంబరులో జపాన్ సంస్థ కొనామి ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసిన ‘మెటల్ గేర్ సాలిడ్ 2: సన్స్ ఆఫ్ లిబర్టీ’ ఆ కోరికను తీర్చినట్టే తీర్చి వెనక్కి లాక్కున్న తీరు మీద వాదోపవాదాలు ఇప్పటికీ చల్లారలేదు. సమీక్షకులు దానికి బ్రహ్మరథం పట్టారు. వివిధ పత్రికలు ఇచ్చిన మార్కులను క్రోడీకరించే మెటాక్రిటిక్‌లో దాని సగటు 100కి 96. కోపం వచ్చింది డబ్బు పెట్టి కొనుక్కుని ఆడినవాళ్లలో చాలామందికి. వాళ్ల ఫిర్యాదుల్లో అబద్ధం లేదు. కాకపోతే వాళ్లు ఏ మోసం జరిగిందని ఫిర్యాదు చేశారో ఆ మోసమే ఈ ఆటకు కథావస్తువు.

1998లో వచ్చిన మొదటి ‘మెటల్ గేర్ సాలిడ్’ స్టెల్త్ అనే కోవకు చెందినది. అంటే ఎదురుపడినవాణ్ణల్లా కాల్చుకుంటూ పోవడం కాక, కాపలావాళ్ల కంటపడకుండా, అడుగుల చప్పుడు వినిపించకుండా, నక్కుతూ గమ్యం చేరడం అందులో నేర్పు. అలాస్కా దగ్గరి షాడో మోసెస్ అనే కల్పిత దీవిలో అణ్వాయుధాలను చేజిక్కించుకున్న తిరుగుబాటు ముఠాను ఒంటరిగా ఎదిరించిన సాలిడ్ స్నేక్ ఆ ఒక్క ఆటతో ప్రపంచమంతటా ఆరాధ్యుడయ్యాడు. 2000లో లాస్ ఏంజిలెస్‌లో జరిగిన ఇ3 అనే వీడియో గేమ్‌ల ప్రదర్శనలో దర్శకుడు హిదియో కొజిమా రెండో భాగానికి ట్రైలర్ చూపించినప్పుడు, చూసినవాళ్లకు కనిపించినది వానలో తడుస్తున్న ఓడ మీద అదే స్నేక్. ఆ ఓడ ఘట్టం నమూనాగా దొరుకుతుందన్న ఒక్క కారణంతో ‘జోన్ ఆఫ్ ది ఎండర్స్’ అనే వేరే ఆటను కొన్నవాళ్లు కూడా ఉన్నారు.

అసలు ఆటలో ఆ ఓడ ఘట్టం ఒకటి రెండు గంటల్లో ముగిసిపోతుంది. కథ రెండేళ్లు ముందుకు జరిగి, న్యూయార్క్ తీరంలో సముద్రాన్ని శుద్ధి చేయడానికి కట్టిన బిగ్ షెల్ అనే కేంద్రానికి చేరేసరికి, ఆటగాడి చేతిలో మిగిలేది రైడెన్ అనే కొత్త కుర్రాడు. జుట్టు పొడవు, అనుభవం పొట్టి, పైగా ప్రమాదం మధ్యలో ప్రియురాలితో రేడియోలో గొడవలు. స్నేక్ ఉంటాడు కానీ ప్లిస్కిన్ అనే మారుపేరుతో, పక్కపాత్రగా ఉంటాడు. ట్రైలర్లలో బిగ్ షెల్ దృశ్యాల్లో సైతం రైడెన్ ఉండాల్సిన చోట స్నేక్‌ను పెట్టి చూపించారన్న సంగతి అప్పుడు బయటపడింది.

ఇది వట్టి ప్రచార మాయ అయితే సమర్థించవలసిన పని ఉండేది కాదు. బిగ్ షెల్‌లో రైడెన్‌కు ఎదురయ్యేవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే మాత్రం సంగతి వేరుగా కనిపిస్తుంది: బందీలు, రేడియోలో ఆదేశాలిచ్చే కల్నల్, మాట్లాడుతూ ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయే బందీ, కత్తి పట్టిన నింజా, గాలిలో ఎగిరే యుద్ధయంత్రంతో పోరు, చిత్రహింస గది. ఇవన్నీ షాడో మోసెస్‌లో జరిగినవే. అరిగిపోయిన సరుకునే మళ్లీ వడ్డించారని విసుక్కునే ఆటగాడికి చివర్లో ఆటే సమాధానం చెబుతుంది. ఏ సాధారణ సైనికుణ్ణయినా తగిన సంఘటనల వరసలో నడిపిస్తే స్నేక్ అంతటివాణ్ణి తయారు చేయవచ్చునా అని తేల్చుకోవడానికి, తెర వెనుక ఉండి దేశాన్ని నడిపే ఒక శక్తి షాడో మోసెస్‌ను అచ్చుగుద్దినట్టు మళ్లీ నడిపించిందని. రైడెన్ శిక్షణ చాలావరకు కంప్యూటర్ సృష్టించే కృత్రిమ ప్రపంచంలోనే సాగింది. షాడో మోసెస్‌ను అతను అక్కడే ఎరుగును. గదిలో కూర్చుని 1998 నాటి ఆటను ఆడి, స్నేక్ తానే అనుకున్న ఆటగాడి అనుభవమూ సరిగ్గా అంతే కదా! రెండో భాగం కావాలని, అదీ మొదటి భాగంలాగే ఉండాలని కోరుకున్నవాడిని ఆ కోరికతోనే నడిపించి, అలా నడిపించబడడం ఎలా ఉంటుందో చూపించిన ఈ పద్ధతి, స్నేక్‌నే మళ్లీ చేతికిచ్చి ఉంటే సాధ్యమయ్యేది కాదు. ట్రైలర్లు కూడా ఆ లెక్కన కథలో తొలి అంకమే అవుతాయి.

కథ అర్థం కాలేదన్నది మరో పెద్ద అభియోగం. కల్నల్ మనిషి కాదని, కృత్రిమ మేధ అని బయటపడ్డాక ఆ గొంతు చెప్పే సుదీర్ఘ ప్రసంగం 2001లో చాలామందికి పిచ్చి ప్రేలాపనలా తోచింది. డిజిటల్ యుగంలో ఏ సమాచారమూ నశించదు కనుక పనికిరాని ముచ్చట్లు గుట్టలుగా పేరుకుపోతాయనీ, మనుషులు ఎవరికి నచ్చిన నిజంతో వాళ్లు చిన్న చిన్న గుంపుల్లో ముడుచుకుంటారనీ, అందువల్ల ఏది నిలవాలో ఏది పోవాలో ఏరే పని తమదనీ ఆ యంత్రం వాదిస్తుంది. ఫేస్‌బుక్ 2004లో, యూట్యూబ్ 2005లో, ట్విట్టర్ 2006లో వచ్చాయి. ఆ ప్రసంగాన్ని జోస్యమని కీర్తించడం ఇప్పుడు పరిపాటి అయింది గానీ, అంతకంటే గమనించదగినది, ఆ మాటలు చెబుతున్నది ఆటగాణ్ణి మొదటి నుంచీ అబద్ధాలతో నడిపించిన గొంతే కావడం; సమాచారాన్ని ఎవరు ఏరుతున్నారన్న ప్రశ్నకు ట్రైలర్ చూసి మోసపోయిన ప్రేక్షకుడి కన్నా మంచి ఉదాహరణ ఉండదు.

సమర్థన ఎంత దూరం వెళ్లినా కొన్ని లోపాలు లోపాలుగానే మిగులుతాయి. రేడియో సంభాషణలు మితిమీరి సాగుతాయి, ప్రేమకలహాలు అదను చూసుకోకుండా అడ్డుతగులుతాయి, చివరి గంటలో ఒక మలుపును జీర్ణించుకోకముందే మరో రెండు మీదపడతాయి. వ్యంగ్యం కోసమైనా సరే, పాతదాన్ని మళ్లీ ఆడించడం ఆడేవాడికి పాతదే. అయితే ఆడే తీరులో పాత వాసన లేదు: కాపలావాడు రేడియోలో పలకకపోతే వెతకడానికి దళం వస్తుంది, అతని రేడియోనే ముందు కాల్చేస్తే ఆ పిలుపు వెళ్లదు, శవాన్ని అలమారాలో దాచకపోతే గుట్టు రట్టవుతుంది.

బిగ్ షెల్ ఘట్టం మొదట్లో ఒక కంప్యూటర్ ముందు ఆటగాడు తన పేరు, పుట్టినరోజు నమోదు చేస్తాడు. అన్నీ ముగిశాక రైడెన్ మెడలోని సైనికుల గుర్తింపు బిళ్ల మీద ఉండేది ఆ పేరే. తెలిసినవాడేనా అని స్నేక్ అడిగితే, ఎప్పుడూ విననే లేదని చెప్పి రైడెన్ దాన్ని విసిరేస్తాడు.

2013లో వచ్చిన ‘మెటల్ గేర్ రైజింగ్’లో ఇదే రైడెన్ లోహపు దేహంతో, కత్తి చేతబట్టి నాయకుడై తిరిగి వచ్చినప్పుడు అతన్ని ఈసడించినవాళ్లే చప్పట్లు కొట్టారు. కొట్టడం సహజమే; అతను అప్పటికి వాళ్లు కోరిన హీరోగా మారిపోయాడు. 2001 నాటి రైడెన్ మాత్రం, ఆట చివరి ఘట్టంలో కనిపించినట్టే, ఒంటి మీద నూలుపోగు లేకుండా, చేతులడ్డం పెట్టుకుని ఇనుప నడవల్లో పరుగెత్తుతూనే ఉంటాడు, ఇక ఆ గేమ్ యంత్రం ఆపేయమని రేడియోలో కల్నల్ చెబుతూనే ఉంటాడు.