బడి మారితే... బంతి జారకూడదు!

ఉద్యోగం మారింది. ఊరు మారాలి. సామాను ట్రక్కుకెక్కించేయొచ్చు, కారు నడుపుకుంటూ వెళ్లిపోవచ్చు. కానీ ఇంట్లో బాస్కెట్‌బాల్ ఆడే పదిహేనేళ్ల అబ్బాయో అమ్మాయో ఉంటే? అమెరికాలోని అమ్మానాన్నలకు అప్పుడు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒక్కటే... ఏ హైస్కూల్లో చేర్పించాలి?

1991లో ఓ పదమూడేళ్ల కుర్రాడు ఇటలీ నుంచి సొంత దేశానికి తిరిగొచ్చాడు. తండ్రి అక్కడ ప్రొఫెషనల్ ఆటగాడు. కుటుంబం ఫిలడెల్ఫియా శివార్లలో దిగింది. కుర్రాడు అక్కడి లోయర్ మెరియన్ అనే ప్రభుత్వ హైస్కూల్లో చేరాడు. బాస్కెట్‌బాల్‌లో దానికేమంత పేరు లేదు. తొలి ఏడాదే అతను ప్రధాన జట్టులోకి వచ్చాడు కానీ, ఆ సీజన్‌లో జట్టు గెలిచింది నాలుగు, ఓడింది ఇరవై! అయినా బడి మారలేదు. 1996లో అదే బడి 53 ఏళ్ల తర్వాత రాష్ట్ర ఛాంపియన్ అయింది. ఆ కుర్రాడే కోబీ బ్రయంట్.

అంటే చిన్న బడే మంచిదా? అలా తేల్చేయడానికీ లేదు. మెయిన్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ అనే చిన్న ఊరి కుర్రాడు కూపర్ ఫ్లాగ్. తొమ్మిదో గ్రేడ్‌లోనే సొంతూరి బడిని 2022లో రాష్ట్ర విజేతగా నిలిపాడు. ఆ వెంటనే ఫ్లోరిడాలోని మోంట్‌వర్డ్ అకాడమీకి మారాడు. అక్కణ్నుంచి డ్యూక్ విశ్వవిద్యాలయం, 2025 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం. ఇద్దరివీ రెండు దారులు. మన పిల్లలకు ఏది సరిపోతుందన్నదే అసలు లెక్క.

చిరునామాతోనే మొదలు

అమెరికాలో ప్రభుత్వ బడి సీటు చాలావరకు ఇంటి చిరునామాని బట్టే వస్తుంది. అందుకే ముందు ఇల్లు, తర్వాత బడి అనుకుంటే చిక్కే. డాలస్ పరిసరాలనే తీసుకోండి. మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే ఫ్రిస్కోలో బడులు మరీ పెద్దవి కాకూడదన్నది అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ విధానం. 2022లో పన్నెండో హైస్కూలు తెరిచారు. కాస్త దూరంలో ఉన్న ఆలెన్‌లో పరిస్థితి పూర్తిగా వేరు. ఊరంతటికీ ఒకటే ప్రధాన హైస్కూలు, విద్యార్థులు ఐదు వేల పైమాటే!

ఎక్కడైనా కోర్టులో ఉండేది ఐదుగురే. ప్రధాన జట్టులో ఉండేది పదిహేనుమంది లోపే. ఐదువేల మందిలోంచి ఆ పదిహేనుమందిలోకి రావడం ఒక ఎత్తు, రెండువేల మందిలోంచి రావడం ఒక ఎత్తు. లీజు మీద సంతకం పెట్టేముందు ఆ వీధి ఏ హైస్కూలు పరిధిలోకొస్తుందో డిస్ట్రిక్ట్ కార్యాలయంలో కనుక్కోవడం అందుకే ముఖ్యం. సరిహద్దులు మారుతుంటాయి కాబట్టి ఇల్లు చూపించేవాళ్ల మాట ఒక్కటే నమ్ముకోకూడదు.

ఆట కోసమే వచ్చారా?

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బడి ఆటలకు ప్రతి రాష్ట్రంలోనూ ఓ సంఘం ఉంటుంది, దాని నిబంధనలు దానివి. టెక్సాస్‌లో ఆ బాధ్యత యూఐఎల్‌ది. వేరే బడిలో ఆడి వచ్చిన పిల్లలకు అక్కడ 'పాత బడిలో ఆడిన వివరాల' పత్రం నింపాలి. పాత బడివాళ్లూ అందులో తమ మాట రాస్తారు. కుటుంబమంతా నిజంగా మకాం మార్చి, ఆ పరిధిలోనే కాపురముంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఆట కోసమే బడి మారారని తేలిందా... కనీసం ఏడాదిపాటు ప్రధాన జట్టుకు దూరం. కింది జట్లలో మాత్రం ఆడుకోవచ్చు.

ఫ్లోరిడాలో అలా కాదు. 2016లో చేసిన చట్టంతో అక్కడ బడి మారినవాళ్లు చాలా సందర్భాల్లో వెంటనే ఆడొచ్చు. ఒక రాష్ట్రంలో చెల్లింది ఇంకో రాష్ట్రంలో చెల్లదన్నమాట. ఇక, బంధువుల చిరునామా చూపించి చేర్పించే ఆలోచన అసలే వద్దు. బయటపడితే పిల్లాడి సీజన్ పోవడమే కాదు, అతను ఆడి గెలిచిన మ్యాచ్‌లనూ జట్టు వదులుకోవాల్సి రావచ్చు. తోటిపిల్లల ముందు తల ఎలా ఎత్తుకుంటాడు?

తేదీలూ ముఖ్యమే. జట్టు ఎంపికలు ఎక్కువగా నవంబరు ప్రాంతాల్లో జరిగిపోతాయి. జనవరిలో ఊరు మారితే ఆ ఏడు ఆట దాదాపు పోయినట్టే. వీలైతే మకాం వేసవిలోనే మార్చుకోవాలి.

పేరున్న బడి... బెంచీ మీద పిల్లాడు

కామెరూన్ కుర్రాడు జోయెల్ ఎంబీడ్ పదిహేనేళ్లకు గానీ బాస్కెట్‌బాల్ పట్టలేదు. 2011లో అమెరికా వచ్చి పేరుమోసిన మోంట్‌వర్డ్‌లో చేరాడు. అక్కడ అతనికంటే ముందున్నవాళ్లు ఎక్కువ, ఆడే అవకాశం తక్కువ. ఏడాది తిరిగేసరికి గెయిన్స్‌విల్‌లోని ది రాక్ స్కూల్ అనే చిన్న బడికి మారాడు. అక్కడ ఆట దొరికింది. తర్వాత కేన్సస్ విశ్వవిద్యాలయం పిలిచింది. 2014 డ్రాఫ్ట్‌లో మూడో స్థానం, 2023లో ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం! పెద్ద బడి అతణ్ని చెడగొట్టిందని కాదు. ఆడితేనే ఆట వస్తుంది, అంతే.

అలాగని కింది జట్టులో వేశారని కుంగిపోనక్కర్లేదు. 1978లో నార్త్ కరొలైనాలోని లేనీ హైస్కూలు పదో గ్రేడ్ కుర్రాడొకణ్ని ప్రధాన జట్టులోకి తీసుకోకుండా జూనియర్ జట్టులో వేసింది. ఆ కుర్రాడు మైకేల్ జోర్డాన్. పైజట్టు బెంచీ మీద కూర్చోవడంకన్నా కింది జట్టులో మ్యాచ్‌లన్నీ ఆడటమే ఒక్కోసారి మేలు. పైగా కాలేజీ కోచ్‌లు బడి మ్యాచ్‌లే చూడరు. వేసవిలో క్లబ్ జట్ల టోర్నమెంట్లకూ వస్తారు.

మార్కులే అసలు పాసు

పంజాబ్‌లోని బల్లోకే గ్రామం నుంచి సత్నాం సింగ్ 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. అప్పటికి ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఏడడుగులు దాటిన ఎత్తు, కష్టపడే తత్వం. కానీ కాలేజీ ఆటకు కావాల్సిన చదువు అర్హత దగ్గర దారి మూసుకుపోయింది. దాంతో 2015లో నేరుగా ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు వెళ్లాడు. 52వ స్థానంలో డాలస్ ఎంచుకుంది. ఎన్‌బీఏ జట్టు డ్రాఫ్ట్ చేసిన తొలి భారతీయుడిగా చరిత్రకెక్కాడు. అయితే ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశమూ రాలేదు. నాలుగేళ్లు కాలేజీలో ఆడి ఉంటే? ఆ ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ లెక్కలో, మొదటి డివిజన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 ప్రధాన కోర్సులు పూర్తిచేయాలి. వాటిలో పది, చివరి ఏడాది మొదలయ్యేలోపే అయిపోవాలి. సగటు 2.3 ఉండాలి. 2023 నుంచి శాట్ స్కోరు అడగడం లేదు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలవుతుంది, నాలుగేళ్లలో ముగియాలి. ఇక్కడ పది పాసైన పిల్లాణ్ని అక్కడ మళ్లీ తొమ్మిదిలో వేస్తే వయసు కలిసొస్తుందనుకోవడం పొరపాటు. తొమ్మిది నుంచి మార్కుల పత్రాలన్నీ భద్రంగా వెంట తీసుకెళ్లాలి.

వీసా సంగతీ చూసుకోవాలి. అమ్మానాన్నల హెచ్1బీ మీద హెచ్4తో వెళ్లినవాళ్లకు ప్రభుత్వ బడి తలుపు తెరిచే ఉంటుంది. ఒంటరిగా ఎఫ్1 మీద వెళితే ప్రభుత్వ హైస్కూల్లో గరిష్ఠంగా పన్నెండు నెలలే. అదీ పూర్తి ఖర్చు కట్టి! అందుకే అలా వెళ్లేవాళ్లు ఎక్కువగా ప్రైవేటు బడుల్లో కనిపిస్తారు. పేరున్న రెసిడెన్షియల్ అకాడమీల్లో ఫీజు ఏటా పదుల వేల డాలర్లు.

వెళ్లేముందు అడగండి!

* మా పిల్లాడి స్థానంలో ఇప్పటికే ఎందరున్నారు? వాళ్లు ఏ గ్రేడ్‌లో ఉన్నారు?
* కోచ్ ఎన్నేళ్లుగా ఇక్కడున్నారు? వచ్చే ఏడాదీ ఉంటారా?
* మ్యాచ్‌కి వెళ్లి రాత్రి పదింటికి తిరిగొస్తే మర్నాటి హోంవర్క్ సంగతేంటి?
* మీ కోర్సుల్లో ఎన్‌సీఏఏ ఒప్పుకొనేవి ఏవి?
* గాయమైతే చూసే ట్రైనర్ బడిలోనే ఉన్నారా?

ఎన్‌సీఏఏ అంచనాల ప్రకారం హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే ప్రతి వందమందిలో కాలేజీ స్థాయికి వెళ్లేది ముగ్గురు నలుగురు. మొదటి డివిజన్‌కి చేరేది ఒక్కరు. మిగతా తొంభై ఆరుగురికీ ఆ బడి ఇచ్చేది చదువు, స్నేహితులు, కొత్త ఊరు సొంతమైందన్న ధీమా. కాబట్టి ఆట రేపే ఆగిపోయినా సంతోషంగా చదువుకోగలిగే బడి ఏదో ముందు చూసుకోవాలి. అలాంటివి రెండుమూడు దొరికితే, ఒక్కోచోట ప్రాక్టీసు చూపించి పిల్లల్నే అడగాలి... 'వీళ్లతో ఆడతావా?' అని. నాలుగేళ్లూ ఆ కోర్టులో పరుగెత్తాల్సింది వాళ్లే మరి!