ఓటు ఊళ్లో, బతుకు గచ్చిబౌలిలో

2024 జనవరి చివర్లో మాదాపూర్‌లో ఐటీసీ కోహెనూర్ హోటల్ దగ్గరున్న ఒక అన్నం బండి రాష్ట్రమంతటికీ వార్త అయింది. సెల్‌ఫోన్ వీడియోలతో పేరు మార్మోగిన కుమారి ఆంటీ వంట తినడానికి జనం ఎగబడ్డారు. ట్రాఫిక్ నిలిచిపోతోందని పోలీసులు బండి తీసేయమన్నారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని, ఆమె అక్కడే అమ్ముకోవచ్చని చెప్పాల్సి వచ్చింది. ఆమె బతుకుతెరువు నిలవడం మంచిదే. కానీ రోడ్డు పక్క ఒక బండి ఎక్కడ నిలబడాలో ముఖ్యమంత్రి తేల్చాలా? ఎవరి ఫోన్‌లోనూ వీడియోగా తిరగని బండి సంగతేమిటి?

దీన్ని తేల్చే చోటు చట్టంలో 2014 నుంచే ఉంది. ఆ ఏడాది పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం పట్టణాల్లో వెండింగ్ కమిటీలు ఉండాలంది. వాటిలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, అదీ తమలో తాము ఓట్లేసి ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఏ వీధిలో అమ్మనివ్వాలి, ఏ వీధిలో వద్దు అనే చర్చలో కమిషనర్, ట్రాఫిక్ అధికారి కూర్చున్న బల్ల దగ్గరే మిర్చి బజ్జీలమ్మే ఆవిడా కూర్చోవాలన్నమాట. పట్టణ పాలన కోసం మనం రాసుకున్న చట్టాల్లో ఇంత సూటిగా పేదల మాటకు చోటిచ్చింది నాకు మరొకటి కనిపించదు.

మామూలుగా మన పాలన పేదల దగ్గర అర్జీ పుచ్చుకుంటుంది. సోమవారం ప్రజావాణిలో జరిగేది అదే. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు సాగిన ప్రజాపాలన సభల్లోనూ ప్రధానంగా దరఖాస్తులే తీసుకున్నారు. అవి అక్కర్లేదని కాదు. పింఛను రానివాళ్లకు, రేషన్ కార్డు లేనివాళ్లకు అదే దిక్కు. కానీ అర్జీ ఇచ్చినవాళ్లు గుమ్మం బయట ఆగిపోతారు, నిర్ణయం లోపల జరుగుతుంది.

ఐటీ కారిడార్‌లో లోపల కూర్చునేది ఎవరు? కంపెనీలకు పోలీసులతో కలిసి నడిపే సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ఉంది. 2023 జులైలో కుండపోత వానలు పడ్డప్పుడు ఉద్యోగులను మూడు దశల్లో ఇళ్లకు పంపమని సైబరాబాద్ పోలీసులు కంపెనీలకు సూచించారు. మాట్లాడుకునే వేదిక ముందే ఉంటే పని ఎంత తొందరగా అవుతుందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. గేటెడ్ కమ్యూనిటీలకు సంక్షేమ సంఘాలున్నాయి, వాటి పెద్దలు ఫోన్ చేస్తే కార్పొరేటర్లు, అధికారులు ఎత్తుతారు. అదే వానలో ఆ అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమి గుట్టల బేగంపేటకో, బోరబండకో నడిచిపోయే ఆవిడ ఎన్నింటికి ఇల్లు చేరాలో ఏ వేదికా ఆలోచించలేదు. ఆమె తరఫున ఫోన్ చేసే సంఘమే లేదు మరి.

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఈ ప్రాంతం హైదరాబాద్ కార్పొరేషన్‌లో లేదు, శేరిలింగంపల్లిది విడి మున్సిపాలిటీ. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) ఏర్పడినప్పుడు ఇది కూడా అందులో కలిసింది. అయినా పూర్తిగా కలవలేదు. ఐటీ పార్కులున్న చాలా భూముల మీద పన్ను వసూళ్లు, భవన అనుమతులు పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కింద పనిచేసే పారిశ్రామిక ప్రాంత స్థానిక అథారిటీ చేతిలో ఉండిపోయాయి. ఆ సంస్థ ఇప్పటి పేరుతో చెప్పాలంటే టీజీఐఐసీ చేతిలో. వసూలైన ఆస్తిపన్నులో 35 శాతం స్థానిక సంస్థకు చేరాలన్నది ఏర్పాటు. గాజు మేడల నీడలో బస్తీ ఉంటే, ఆ మేడల గురించి జరిగే నిర్ణయంలో బస్తీ ఎన్నుకున్న కార్పొరేటర్‌కే అంతంతమాత్రపు పాత్ర. ఇక ఆ బస్తీకి ఎంత?

కార్పొరేటర్‌ని ఎన్నుకున్నవాళ్లు మాత్రం ఎందరు? 2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికల్లో నగరం మొత్తం మీద పోలైంది 46.55 శాతం. అంతకుముందు 2016లోనూ సగం దాటలేదు. దీన్ని చదువుకున్నవాళ్ల బద్ధకమని తిట్టడం మనకు అలవాటైపోయింది. కానీ గచ్చిబౌలి అంజయ్యనగర్‌లోనో, సిద్ధిఖ్‌నగర్‌లోనో హాస్టళ్ల ఇరుకు గదుల్లో సర్దుకుని ఉండే కుర్ర ఉద్యోగుల ఓటు అనకాపల్లిలోనో, కరీంనగర్‌లోనో ఉంటుంది. వాళ్లు ఈ డివిజన్ ఓటింగ్ శాతంలో కూడా లెక్కకు రారు. కానీ తాగేది ఇక్కడి నీళ్లు, రాత్రి షిఫ్టు ముగించుకుని నడిచేది ఇక్కడి చీకటి వీధుల్లో. ఆ ఇరుకు సందుల్లో మంటలు లేస్తే ఫైరింజన్ వెళ్లగలదా అన్నది వాళ్ల ప్రాణాల ప్రశ్న.

కూలీలైతే ఈ లెక్కకు ఇంకా దూరం. 2020 మే 1న లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి వలస కార్మికుల ప్రత్యేక రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. సుమారు 1200 మంది ఎక్కారు. చాలామంది కందిలో ఐఐటీ భవనాలు కడుతున్నవాళ్లు, జీతాల కోసం రెండు రోజుల ముందు రోడ్డెక్కినవాళ్లు. మన మేడలు కట్టేవాళ్లు ఇంతమంది ఉన్నారని టీవీల్లో అందరం చూసింది వాళ్లు వెళ్లిపోతున్నప్పుడే. కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం రూ. 100.75 కోట్లు పలికింది 2023 ఆగస్టులో. అలాంటి నేల మీద టవర్లు లేపే ఒడియా, బిహారీ, పాలమూరు కూలీలుండే రేకుల షెడ్లకు మంచినీళ్లు, మరుగుదొడ్లు, పిల్లలకు బడి ఉన్నాయా అని ఏ వార్డు సమావేశంలో, ఎవరు అడగాలి?

వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది. 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, మూడు లక్షల జనాభా దాటిన నగరాలకు ఆ కమిటీలు తప్పనిసరి. 2020 అక్టోబరులో తెలంగాణ శాసనసభ జీహెచ్ఎంసీ చట్టాన్ని సవరించి ఇంకో అడుగు వేసింది. ప్రతి వార్డులో యువజనులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 25 మంది. అప్పటి 150 వార్డులకు 15 వేల మంది. గొప్ప ఆలోచనే. కానీ ఆ నాలుగు పేర్లూ మళ్లీ చదవండి. వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి, పలుకుబడిని బట్టి కుర్చీలు వేశారు. కిరాయిదారుకు, హాస్టల్‌లో ఉండే అమ్మాయికి, అడ్డా కూలీకి, ఇంటి పని చేసే ఆవిడకు ఆ హోదాలో కుర్చీ లేదు. ప్రముఖుల కమిటీలో ఎవరుంటారో ఊహించడం కష్టం కాదు. వార్డులో ఎవరికి ఏం కష్టమో తెలియాలంటే ఎలా బతుకుతున్నారన్నదే మొదట చూడాలి. వీధి వ్యాపారుల చట్టం చేసింది అదే: ఓటరు జాబితాలో ఉన్నావా అని కాకుండా, ఈ వీధిలో అమ్ముకుంటున్నావా అని అడిగింది. ఆ ఒక్క సూత్రాన్ని వార్డు కమిటీల్లోకి తెస్తే చాలు, సగం పని అయినట్టే.

బస్తీ మాట వినడం హైదరాబాద్‌కు తెలియని విద్య కాదు. 1967లోనే ఇక్కడ పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలైంది. పాతబస్తీ బస్తీల్లోకి కార్యకర్తలు వెళ్లి, మీకేం కావాలని మొదట అడిగారు. మహిళా మండళ్లు, బాల్వాడీలు, కుట్టు కేంద్రాలు అలా పుట్టాయి. తర్వాత యునిసెఫ్, బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆ పని విస్తరించింది, ప్రపంచంలో చాలా దేశాలవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. ఆ విభాగం పేరు జీహెచ్ఎంసీలో నేటికీ ఉంది, మహిళా సంఘాల పని చూస్తోంది. బ్యాంకు లింకేజీ రుణాలతో పాటు వీధి దీపాల జాబితా కూడా ఆ సంఘాల చేత రాయిస్తే ఆ పాత విద్య మళ్లీ పనికొస్తుంది.

చెయ్యాల్సిన పనుల్లో కొన్ని చాలా చిన్నవి. పగలు 11 గంటలకు సర్కిల్ ఆఫీసులో సమావేశం పెడితే అడ్డా కూలీ రాడు. రోజు కూలి పోగొట్టుకుని మురికి కాలువ గురించి మాట్లాడమనడం అన్యాయం కూడా. రాత్రి ఎనిమిది తర్వాత బస్తీ కమ్యూనిటీ హాల్లో పెట్టాలి, వచ్చినవాళ్లకు ఆ రోజు భత్యం ఇవ్వాలి. లేబర్ క్యాంపు దగ్గర ఒడియా, హిందీ తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఆడవాళ్లు చంకలో బిడ్డలతో వస్తారు, ఆ బిడ్డలను చూసుకునే ఆయా ఉండాలి. మూగ, చెవిటి వాళ్లకు సైగల భాష తెలిసినవాళ్లు కావాలి. హాస్టళ్లలో ప్రతినిధులను చీటీ తీసి ఎంచుకోవచ్చు, నోరున్నవాడే ప్రతిసారీ ముందుకు రాకుండా ఉంటుంది. ఐర్లాండ్ 2016లో తన పౌర సభకు 99 మంది మామూలు మనుషులను అలా యాదృచ్ఛికంగానే ఎంచుకుంది.

అన్నిటికంటే గట్టి పని, డబ్బు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లో తన బడ్జెట్‌లో పెట్టుబడి పనుల మీద నిర్ణయాన్ని పేటల్లోని సభల ముందు పెట్టింది. మాట్లాడితే వీధిలోకి నీళ్ల పైపు వస్తుందని తెలిశాక పేదలే ఎక్కువగా వచ్చారు. నిధుల ఊసు లేని సభకు రెండోసారి ఎవరూ రారు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి డివిజన్లలో ఏటా ఇంత మొత్తాన్ని ఎలా ఖర్చు చేయాలో బస్తీ సభలే రాయాలని నిర్ణయిస్తే, వచ్చే మనుషులే మారిపోతారు. ఐటీ పార్కుల ఆస్తిపన్నులో స్థానిక సంస్థకు వచ్చే వాటా నుంచి ఆ డబ్బు తీయడం న్యాయం కూడా.

చివరగా, అడగాల్సింది నిర్ణయం కాకముందు. 2024 సెప్టెంబరు 8, ఆదివారం నాడు మాదాపూర్ సున్నం చెరువులో ప్రభుత్వ సంస్థ హైడ్రా ఆక్రమణలు తొలగించినప్పుడు గుడిసెలవాళ్లూ రోడ్డున పడ్డారు. చెరువు బతకాలన్నది నా గట్టి నమ్మకం. చెరువు పోతే మొదట మునిగేది కూడా బస్తీలే. అదే నెలాఖరున అమీన్‌పూర్ కూల్చివేతల కేసులో హైకోర్టు, సెలవు రోజున కూల్చడమేమిటని అధికారులను నిలదీసింది. గుడిసెలవాళ్లతో ముందే కూర్చుని, ఎక్కడికి వెళ్తారు, పిల్లల బడి ఏమవుతుంది, ఏ తేదీ అయితే కుదురుతుంది అని మాట్లాడి ఉంటే చెరువూ దక్కేది, మనుషులూ దక్కేవాళ్లు.

2025 చివర్లో 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలపాలని నిర్ణయించారు. వార్డులను 300కు పెంచే ముసాయిదా వచ్చింది. దాని మీద అభ్యంతరాలు చెప్పడానికి దొరికింది కొద్ది రోజులే. హద్దులు మారిన ప్రతి వార్డులోనూ కమిటీలను కొత్తగా వేయాల్సిందే కాబట్టి, ఆ ఉత్తర్వు రాసే అధికారి వయసు, లింగం పక్కన ఇంకో గడి చేర్చాలి: కిరాయిదారు, హాస్టల్ నివాసి, ఇంటి పనివారు, భవన కార్మికులు, తమలో తాము ఎన్నుకున్నవారు, 40 శాతానికి తగ్గకుండా. మొదటి సమావేశం రాత్రి పెట్టాలి, ఖర్చు చేయాల్సిన మొత్తం ఎంతో ముందే బోర్డు మీద రాసి ఉంచాలి.