మిస్ కొడుతున్న పికప్: పంపు తిప్పే ముందు

మామిడికాయల కాలంలో పుత్తూరు మీదుగా తిరుపతి వైపో నగరి వైపో పోయే పాత పికప్‌ల చప్పుడు కాసేపు వింటే, కొన్నింటిలో తేడా చెవికి తెలుస్తుంది. నాలుగు దెబ్బలు వరసగా పడాల్సిన చోట మూడు పడి ఒకటి తప్పిపోతుంది. నిలబెట్టిన బండి వణుకుతుంది, లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు లాగదు, వెనక పొగ. ‘బండి మిస్ కొడతా ఉంది’ అంటాడు డ్రైవరు. షెడ్డుకు తీసుకుపోతే చాలాసార్లు మొదట వినపడే మాట, టైమింగ్ పోయింది, పంపు తిప్పాల అని. కొన్ని బండ్ల విషయంలో అది నిజమే. కానీ ఒక్క సిలిండరే పని మానేసిన బండికి పంపు తిప్పితే రోగం పోదు, సరిగ్గా నడుస్తున్న మూడు సిలిండర్లూ పాడవుతాయి.

ఎందుకో తెలియాలంటే డీజిల్ ఇంజన్‌లో మంట ఎలా పుడుతుందో చూడాలి. పెట్రోలు బండిలోలాగా ఇక్కడ స్పార్క్ ప్లగ్గు లేదు. పిస్టన్ పైకి వస్తూ గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. పిస్టన్ పై అంచుకు చేరడానికి కొంచెం ముందు ఇంజెక్టర్ డీజిల్‌ను సన్నటి తుంపరగా కొడుతుంది, అది తనంతట తానే అంటుకుంటుంది. అంటే కావలసినవి మూడే: చాలినంత నొక్కుడు, మంచి తుంపర, సరైన క్షణం. ఈ మూడో దాన్నే టైమింగ్ అంటాం. ఆ క్షణం ఎంత సన్నమైనదంటే, ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు పది డిగ్రీల తేడా అంటే సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు.

ఆ క్షణాన్ని నిర్ణయించేది డీజిల్ పంపు. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో ఇలాంటి పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. మన దగ్గర 1951లో బెంగళూరులో పుట్టిన మైకో తన పేరును ఎంతగా పాతుకుపోయేలా చేసిందంటే, కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా షెడ్లలో చాలామందికి అది ఇంకా మైకో పంపే. ఈ పంపును ఇంజన్‌కు బిగించే బోల్టుల రంధ్రాలు కొంచెం పొడుగ్గా ఉంటాయి. బోల్టులు వదులు చేసి పంపును ఇటో అటో జరిపితే టైమింగ్ ముందుకో వెనక్కో పోతుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది. పంపు ఒక్కటే, దాని షాఫ్టూ ఒక్కటే. కాబట్టి పంపు జరిగితే నాలుగు సిలిండర్లకూ ఒకే లెక్కన జరుగుతుంది. టైమింగ్ చెడితే బండి మొత్తం బరువెక్కుతుంది. ఒక సిలిండరు తప్పితే ఆ సిలిండరుకు మాత్రమే చెందిన ఏదో చెడిందని అర్థం.

అందుకే మొదటి పని తప్పుతున్న సిలిండరు ఏదో పట్టుకోవడం. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో ఇంజెక్టర్ దగ్గర పైపు నట్టును స్పానర్‌తో కొంచెం వదులు చేసి మళ్లీ బిగించాలి. మంచి సిలిండరుకు డీజిల్ ఆపితే ఇంజన్ వెంటనే తడబడి చప్పుడు మారుతుంది. వదులు చేసినా చప్పుడు మారకపోతే మనం వెతికేది అదే. రెండే సిలిండర్లున్న పాత టాటా ఏస్‌లో ఇది ఇంకా తేలిక, ఎందుకంటే అందులో ఒకటి ఆగితే సగం బలం పోయినట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక. వదులు చేసే చోట గుడ్డ చుట్టండి, ముఖం దూరంగా పెట్టండి, తుంపర ముందు చెయ్యి ఎప్పుడూ పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న సూది గుచ్చినట్టే ఉంటుంది, మొదట పెద్దగా నొప్పి ఉండదు, లోపల మాత్రం కండ చచ్చిపోతుంది. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో పుత్తూరుకు వస్తారు. ఇది కట్టుతో పోయే గాయం కాదు. ఒక్క గంట కూడా ఆగకుండా సర్జన్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. ఇంకో మాట: కామన్ రైల్ ఇంజన్ ఉన్న కొత్త బండ్లలో ఈ పైపులను నడుస్తుండగా అసలు ముట్టుకోకూడదు. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, వాటిని స్కానర్‌తోనే చూడాలి. నేను చెబుతున్నదంతా పాత మెకానికల్ పంపు బండ్ల గురించే.

సిలిండరు దొరికింది, రెండో నంబరు అనుకుందాం. రెండో ఇంజెక్టర్‌ను మూడో దానితో మార్చి బిగించండి. విప్పినప్పుడల్లా కింది రాగి వాషర్ కొత్తది వెయ్యాలి. ఇప్పుడు మిస్ మూడో సిలిండరుకు మారితే తప్పు ఇంజెక్టర్‌ది. నాజిల్ తుంపర కొట్టకుండా చుక్కలు కారుస్తూ ఉంటుంది, పంపు సర్వీసు చేసే చోట టెస్టర్ మీద పెడితే కంటికే కనిపిస్తుంది. మిస్ రెండో సిలిండరులోనే నిలిచిపోతే పంపులో ఆ పైపుకు సంబంధించిన ఎలిమెంటో డెలివరీ వాల్వో అరిగి ఉండొచ్చు, లేదా కంప్రెషన్, అంటే గాలి నొక్కుడు, తగ్గి ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి వేడెక్కాక మిస్ కొట్టే బండిలో ముందు ట్యాపెట్ల సందు చూడమంటాను. సందు లేకపోతే వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోదు, నొక్కిన గాలి కారిపోతుంది. ఫీలర్ గేజ్‌తో అరగంట పని.

మిస్ ఒకచోట నిలవకుండా కాసేపు ఇక్కడ, కాసేపు అక్కడ తిరుగుతుంటే చూడాల్సింది డీజిల్ దారి. ట్యాంకు అడుగున నీళ్లు, మూసుకుపోయిన ఫిల్టరు, పగిలిన రబ్బరు పైపులోంచి పీల్చుకునే గాలి. కొద్ది దూరం పారదర్శకమైన పైపు వేసి చూస్తే బుడగలు కనబడతాయి. ఫిల్టరు మార్చి, చేతి పంపుతో గాలి తీసేస్తే సగం బండ్లు అక్కడికక్కడే బాగుపడతాయని అనుకుంటాను. అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యే ఈ పనిని చివరికి వాయిదా వెయ్యడం నాకు అర్థం కాదు.

నాలుగు సిలిండర్లూ ఒకేలా పలుకుతూ, బండి మొత్తం నీరసంగా ఉంటేనే టైమింగ్ మీద అనుమానం. డీజిల్ ఆలస్యంగా పడితే పొద్దున స్టార్టు కావడం కష్టం, కళ్లు మండించే తెల్లపొగ, మిట్టలో బలం ఉండదు. ముందుగా పడితే ఇనుము మీద సుత్తి కొట్టినట్టు గట్టి చప్పుడు, ఇంజన్ వేడెక్కుతుంది. నల్లపొగ ఒక్కటే ఉంటే పంపు జోలికి పోకముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి.

టైమింగ్ చెవితో పెట్టేవాళ్లున్నారు. వాళ్ల అనుభవం మీద గౌరవం ఉన్నా, గుర్తులతో పెట్టమనే అడుగుతాను. పాత వరస పంపులో ఒకటో సిలిండరును కంప్రెషన్ మీదకు తెచ్చి, ఫ్లైవీల్ గుర్తు కలిపి, డెలివరీ వాల్వు తీసి వంపు పైపు బిగిస్తారు. ఆ పైపులోంచి పడే డీజిల్ చుక్కలు ఆగే క్షణమే ఇంజెక్షన్ మొదలయ్యే క్షణం. విప్పే ముందు పంపుకూ ఇంజన్‌కూ కలిపి ఒక గీత గీసుకుంటే పాత చోటు పోదు. పంపు ఎందుకు జరిగిందో కూడా చూడాలి: బోల్టు వదులైందా, గేరు కీ అరిగిందా, బెల్టున్న ఇంజన్‌లో పన్ను దాటిందా.

ఆ తర్వాత ఖాళీ బండితో సంతోషపడకూడదు. లోడుతో మొగిలి ఘాటో భాకరాపేట ఘాటో ఎక్కించి చూడాలి. గుర్తులన్నీ కలిసి, ఇంజెక్టర్లు బాగుండి, ఇంజన్ బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తుంటే కంప్రెషన్ కొలిపించండి. ఒక సిలిండరు మిగతా వాటికంటే బాగా తక్కువ చూపిస్తే ఇక హెడ్డు దించాల్సిందే.